రెండో సగం లేని జవాబు

న్యాముసాసా మిషన్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి మాయి రెవయి అప్పటికి పద్నాలుగేళ్లుగా మేట్రన్. మాయి అంటే అమ్మ, రెవయి ఆవిడ పెద్ద కూతురు. ఆవిడ సొంత పేరు కెరెసియా అని నాకు పరిచయమైన చాలా ఏళ్లకి, గురువారం ఆడవాళ్ల ప్రార్థనలో పేర్ల పట్టీ చదువుతుంటే తెలిసింది. అంతవరకూ రెవయి వాళ్లమ్మ అనే తప్ప ఇంకోలా ఎవరూ అనగా నేను వినలేదు.

నేను అదే మిషన్‌లో పిల్లల యూనిఫాంలు కుట్టేదాన్ని. నా కుట్టుగది కిటికీ తెరిస్తే ఎదురుగా హాస్టల్ వాకిలి. కుట్టుమిషను తొక్కుతూ తలెత్తితే చాలు, ఆవిడ కనిపించేది. ఆవిడ భర్తదీ మాదీ ఒకటే ఏనుగు గోత్రం కావడంతో నేను ఆడపడుచు వరస. వయసులో నాకన్నా మూడేళ్లు పెద్దదైనా నన్ను 'వతేతె' అనే పిలిచేది, మోకాళ్లు కాస్త వంచి, అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టి మరీ పలకరించేది. పలకరింపులో ఆవిడ ఎప్పుడూ తొందరపడలేదు.

ఆ హాస్టల్‌లో నలభై రెండు మంది పిల్లలు. ఏడేళ్ల వాళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్ల దాకా. పొద్దున్నే ఆవిడ చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కని ఇనుప బోల్టుతో కొట్టి, వెంటనే మంచాల మధ్యకి వెళ్లేది. రాత్రి పక్క తడిపిన చిన్నపిల్ల ఎవరైనా దుప్పటి వదలకుండా ముడుచుకుని ఉంటే, ఆవిడ చేతిలో బకెట్టు సరిగ్గా ఆ మంచం దగ్గరే తగిలి ఒలికేది. "అయ్యో, నా కళ్లు మండిపోను! పిల్లదాని పక్కంతా తడిపేశాను" అని గదంతా వినపడేలా తనని తనే తిట్టుకునేది. పద్నాలుగేళ్లలో ఆవిడ ఎన్ని బకెట్లు ఒలకబోసిందో ఆ దేవుడికే తెలియాలి. పెద్దపిల్లలకి సంగతి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లూ ఒకప్పుడు ఆ మంచాల మీద పడుకున్నవాళ్లే కదా.

అలా సాగిపోతుండగా మిషన్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది.

ముందు ఏడాది ఒక పిల్లకి జ్వరం వచ్చి ముదిరింది. దేవుడి దయవల్ల బతికింది. కానీ ఆసుపత్రిలో డాక్టరు 'జ్వరం ఏ రోజు మొదలైంది?' అని అడిగితే చూపించడానికి కాగితం లేదు. మాయి రెవయికి గుర్తుంది, నోటితో చెప్పింది. నోటిమాట చాలదన్నారు. ఇకమీదట రోజూ ఒక పుస్తకం రాయాలి, అదీ ఇంగ్లీషులో. ప్రతి పిల్లా ఎన్నింటికి లేచింది, స్నానం చేసిందా, తిన్నదా, చదివిందా, ఎన్నింటికి పడుకుంది. ఆఖరి గడిలో, పిల్ల మనసు ఎలా ఉంది. దానికి వాళ్లే పది మాటల పట్టీ పంపారు. వాటిలోంచి పిల్లకో మాట ఎంచి రాయాలి. టర్మ్ చివర బోర్డు వాళ్లు వచ్చి పుస్తకం చూస్తారు. పుస్తకం సరిగ్గా ఉంటే మాయి రెవయి ఉంటుంది. లేకపోతే ఇంగ్లీషు వచ్చిన మేట్రన్‌ని తెస్తారు.

హెడ్‌మాస్టర్ ముసారిరి గారు ఈ ఉత్తరం ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. అన్నీ వరసలో ఉండాలనే రకం, అంతే.

ఆ మధ్యాహ్నం ఆవిడ పట్టీని తలగుడ్డ చెంగులో ముడేసుకుని నా గదికి వచ్చింది.

"వతేతె, మీ పొద్దు బాగా గడిచిందా?"

"నీది గడిస్తే నాదీ గడిచినట్టే, మాయి రెవయి."

"నాది గడవలేదు. ఇదిగో, ఇది చూడండి."

నా చదువు ఊళ్లో ఆరో తరగతితో ఆగిపోయింది. అయినా ఆవిడ చదువుకన్నా నాలుగేళ్లు ఎక్కువ. ఒక్కో మాటా చదివి చెప్పడం మొదలుపెట్టాను. హ్యాపీ, శాడ్, యాంగ్రీ, హంగ్రీ, సిక్, ఇవి తేలిగ్గానే దాటాం. టైర్డ్ దగ్గర ఆవిడ నవ్వేసింది.

"ఇది నాకు చెప్పక్కర్లేదు. నా మోకాళ్లు ఆ మాట ఎప్పుడో నేర్చుకున్నాయి."

"ఎక్సైటెడ్" అన్నాను.

"అంటే?"

"అమ్మానాన్నలు చూడ్డానికొచ్చే ఆదివారం బస్సు హారన్ వినపడగానే పిల్లలు గేటుదాకా పరిగెత్తుతారే, అదీ."

"అది పరుగు కదా, వతేతె. వాళ్లు అడిగింది మనసు సంగతి. కాళ్ల సంగతి కాదుగా?"

"మనసు ముందు పరిగెత్తితేనే కాళ్లు పరిగెత్తుతాయి."

"నిజమే" అని ఒప్పుకుంది. తర్వాత కాగితం తీసుకుని పైకీ కిందికీ చూసింది, ఏదో పోగొట్టుకున్నట్టు.

"మనం సంతోషమైతే గుండె తెల్లగా ఉందంటాం. ఓపిక ఉంటే గుండె పొడుగ్గా ఉందంటాం. ఇన్ని మాటల్లో వీళ్లు గుండె ఊసే ఎత్తలేదేం?"

"వాళ్లు దాన్ని లోపలే పెట్టి తలుపేసుకుంటారేమో."

"పాపం" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే జాలిపడింది. తర్వాత చివరి మాట మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"లోన్లీ. ఒక్కతే ఉన్నట్టు ఉండటం."

"నలభై రెండు మంది ఉన్న గదిలో ఒక్కతే ఎలా ఉంటుంది? చెయ్యి చాస్తే పక్క మంచం తగులుతుంది. ఈ మాట మనకి పనికిరాదులెండి."

ఆ వారం నుంచి మా మిషన్‌లో ఒక కొత్త సందడి మొదలైంది. మాయి రెవయి చేసే ప్రతి పనినీ ఇంగ్లీషులో చెప్పుకుంటూ చేసేది. నీళ్లు తోడుతూ 'ఐ ఫెచ్ వాటర్', ఊడుస్తూ 'ఐ స్వీప్', వేరుశనగ ముద్ద కలిపి గంజి తిప్పుతూ 'ఐ కుక్ పారిడ్జ్'. పెద్దపిల్లలు గుమ్మంలో నిలబడి కిసకిసా నవ్వేవాళ్లు.

"మేట్రన్, పొయ్యితో కూడా ఇంగ్లీషేనా?" అని అడిగింది ఒటీలియా. పదకొండేళ్లది, నోటి దురుసు పిల్ల.

"పొయ్యికి ఏ భాషైనా ఒకటే. కట్టె పెడితే అదే మాట్లాడుతుంది. నువ్వు ముందు ఆ బొగ్గుల ఇస్త్రీపెట్టె తే."

"ఇంగ్లీషులో అడిగితేనే తెస్తా."

"బ్రింగ్ ఐరన్, తలబిరుసు పిల్లా!"

రెండో సగానికి ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. అయినా ఒటీలియా ఆ మాట కూడా అర్థమైనట్టు పరిగెత్తింది.

పనుల గడులు అలా నెమ్మదిగా నిండాయి. అసలు చిక్కు ఆఖరి గడి దగ్గర వచ్చింది. పొద్దున ఆవిడ మంచం మంచానికీ వెళ్లి 'బాగా పడుకున్నావా?' అని అడిగేది. పిల్లలు పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న జవాబే చెప్పేవాళ్లు. 'మీరు పడుకుంటే నేనూ పడుకున్నట్టే.' లేదా పక్క పిల్లని చూపించి, 'తను పడుకుంటే నేనూ పడుకున్నట్టే.' మాలో ఎవరైనా అంతే చెప్తారు. ఎదుటిమనిషి బాగుంటేగాని నేను బాగున్నానని అనేసుకోవడానికి నోరు రాదు.

మాయి రెవయి ఉన్నది ఉన్నట్టు రాసింది. షువాయి బాగుంది, ఒటీలియా బాగుంటే. ఒటీలియా బాగుంది, షువాయి బాగుంటే. నలభై రెండు వరసల్లోనూ రెండేసి పేర్లు. మొదటి వారం చివర పుస్తకం చూసి ముసారిరి గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేంటమ్మా ఇది? ఒక పిల్ల మనసు గురించి అడిగితే ఊరందరి మనసూ రాశావేంటి?"

"వాళ్లు చెప్పిందే రాశానండి, మాస్టారూ."

"అది పలకరింపమ్మా. జవాబు కాదు. బోర్డు వాళ్లు ఒక్క మాట అడిగారు. పట్టీలో మాట. పది మాటల్లో ఒకటి ఏరుకోవడం అంత కష్టమా?"

ఆవిడ తల వంచుకుంది. తర్వాతి వారమంతా నలభై రెండు వరసల్లోనూ 'హ్యాపీ' అని రాసింది. పిల్లని ముందు నిలబెట్టి పెద్దవాళ్లు అడిగితే బాగున్నాననే కదా అంటుంది. మాస్టారికి ఏ బాధా లేకుండా పోయింది. కానీ ఆ గురువారం ప్రార్థన అయ్యాక ఆవిడ బెంచీ మీంచి లేవలేదు.

"ఏమైంది?" అని పక్కన కూర్చున్నాను.

"అబద్ధం రాస్తున్నాను, వతేతె. యెవ్‌కాయికి పన్ను నొప్పి. రాత్రంతా దుప్పటి కొరుక్కుంటూ పడుకుంది. పుస్తకంలో మాత్రం హ్యాపీ అని ఉంది. రేపు దానికేదైనా అయితే ఈ పుస్తకం చూసి డాక్టరు ఏమనుకుంటాడు? దేవుడి ముందు ఏం చెప్పను?"

"మరి మాస్టారు అడిగిన ఒక్క మాట కూడా రాయాలిగా?"

"అదే నా ఏడుపు."

ఇద్దరం కూర్చుని ఒక దారి వెతుక్కున్నాం. పైన పట్టీలో మాట ఒకటి, ఆవిడ కంటికి కనిపించింది, పెద్ద అక్షరాల్లో. దాని కింద చిన్న అక్షరాల్లో, పిల్ల చెప్పిన మిగతా సగం. గడి సరిపోకపోతే అంచుల్లోకి వెళ్లి రాయడమే. పుస్తకం చూడ్డానికి చీమలు పాకినట్టు అయింది. కానీ ఆవిడకి నిద్ర పట్టింది.

ఆరో వారంలో ముసారిరి గారు మంచాలు మార్పించారు. ఏ తరగతి పిల్లలు ఆ తరగతితోనే పడుకోవాలి, లెక్కకి తేలిక అన్నారు. తప్పేం లేదు. దానివల్ల ఏడేళ్ల షువాయి ఒటీలియా పక్క మంచం వదిలి గోడవారకి వెళ్లింది, ఒటీలియా కిటికీవైపు వెళ్లింది. షువాయి సావే నది అవతలి నుంచి వచ్చిన పిల్ల. ఈ బడిలో తన ఊరిది, తన బంధువు అనేవాళ్లు ఒక్కరూ లేరు. ఒటీలియా పొద్దున్నే తన బెల్టు కట్టుకునే ముందు షువాయి బెల్టు కట్టేది, ఎందుకో ఎవరికీ తెలియదు. అడిగితే 'దాని వేళ్లు పొట్టివి' అనేది.

మంచాలు మారిన నాలుగో రోజు పొద్దున గంజి పోస్తూ మాయి రెవయి గరిటె గాల్లోనే ఆపేసింది. నేను ఆ రోజు కొత్త గౌన్లు కొలతలకి తెచ్చి అక్కడే ఉన్నాను.

"షువాయి, బాగా పడుకున్నావా?"

"బాగా పడుకున్నానండి."

అంతే. పిల్ల గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. మాయి రెవయి ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు అలాగే నిలబడింది. వెనక పిల్ల గిన్నె చాపి "మేట్రన్, గంజి" అన్నాక గాని గరిటె కదల్లేదు.

మర్నాడూ అదే జవాబు. మూడో రోజూ అదే. ఆ సాయంత్రం ఆవిడ పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చింది. చప్పట్లు కొట్టి పలకరించింది, కానీ కళ్లు పుస్తకంలోనే ఉన్నాయి.

"ఈ పిల్లకి ఏ మాటా సరిపోవట్లేదు. సిక్ కాదు, ఒళ్లు చల్లగా ఉంది. హంగ్రీ కాదు, గంజి ఊడ్చి తాగింది. శాడ్ అందామా అంటే కన్నీటి చుక్క లేదు. యాంగ్రీ కాదు, నాకు కట్టెలు కూడా అందించింది. బాగా పడుకున్నాను అంటుంది. నేను పడుకున్నానో లేదో అడగదు. ఎవరు పడుకున్నారో అడగదు." ఆవిడ గొంతు తగ్గించింది. "పెద్దదాన్ని, నాకు మర్యాద తక్కువైందని కాదు వతేతె. ఆ పిల్ల ఎవరితోనూ ముడివేసుకోవట్లేదు. ఆ చివరి మాట ఇంకోసారి చెప్పండి."

"లోన్లీ."

"ఒక్కతే ఉన్నట్టు ఉండటం."

"అవును."

నేను మిషను ఆపాను. వాకిట్లో పిల్లలు తాడాట ఆడుతున్న చప్పుడు వినపడుతోంది.

"గదిలో ఎంతమంది ఉన్నారన్నది లెక్క కాదన్నమాట" అంది ఆవిడ. "నేను ఆ మాటకి అన్యాయం చేశాను."

నా బల్ల మీదే కూర్చుని షువాయి గడిలో ఆ మాట రాసింది. స్పెల్లింగు నేను చెప్పాను. తర్వాత లేచి నేరుగా హాస్టల్‌కి వెళ్లి, ఇద్దరు పెద్దపిల్లల్ని పిలిచి షువాయి ఇనుప మంచాన్ని గోడ వార నుంచి కిటికీ దగ్గరికి మోయించింది, పట్టపగలు, అందరూ చూస్తుండగా. మంచం కాళ్లు సిమెంటు నేలమీద కీచుమన్న చప్పుడు నా గదిదాకా వచ్చింది. ఎవరికీ చెప్పకుండా చేసింది గాని, దాచిపెట్టలేదు. ఆ రోజు పేజీ అడుగున తన ఇంగ్లీషులో రాసింది: నేను మంచం జరిపాను, కెరెసియా.

మాస్టారు మర్నాడు చూశారు. "నా ఆర్డరు కదమ్మా అది. బోర్డు వాళ్లు వచ్చినప్పుడు నువ్వే జవాబు చెప్పుకో" అన్నారు. ఆయన గొంతులో కోపంకన్నా బెంగ ఎక్కువ వినపడింది నాకు.

టర్మ్ చివర బోర్డు వాళ్లు ముగ్గురు వచ్చారు. భోజనాల గదిలో బల్ల వేశారు. యూనిఫాంల లెక్క చూపడానికి నన్నూ రమ్మన్నారు. ముగ్గురిలో పెద్దావిడ మదోండో అమ్మగారు, ఏళ్లకేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పుస్తకం ఆవిడ చేతికే వెళ్లింది. మాయి రెవయి గుమ్మం పక్కన, మోకాళ్లు వంచి నిలబడింది. ఆకుకూర కడిగి వచ్చిందేమో, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

మదోండో అమ్మగారు పేజీలు తిప్పారు. అంచుల్లో రాసిన చిన్న అక్షరాల కోసం పుస్తకాన్ని అడ్డంగా తిప్పి చదివారు.

"అక్కడక్కడా ఇంగ్లీషు కుంటుతోందండి" అన్నారు ముసారిరి గారు, ముందే తప్పు ఒప్పుకుంటున్నట్టు. "కానీ ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. నేను రోజూ చూశాను."

"ఈ మంచం జరిపింది ఎవరు చెప్తే?" అని అడిగారు అమ్మగారు.

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే" అంది మాయి రెవయి.

"ఆ పిల్ల అడిగిందా, జరపమని?"

"లేదమ్మా."

"ఒంటరిగా ఉన్నానని నోటితో చెప్పిందా?"

"చెప్పలేదమ్మా. బాగా పడుకున్నానంది. అక్కడితో ఆపేసింది. మిగతా సగం చెప్పలేదు. అందుకే తెలిసింది."

మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మదోండో అమ్మగారు మాత్రం కుర్చీ ముందుకు జరిపారు.

"ఎప్పుడు ఆపేసింది?"

"పుస్తకంలో ఉందమ్మా. పన్నెండో తారీకు పొద్దున, గంజి వేళ. మంచం జరిపింది పద్నాలుగున. పదిహేడున, 'ఒటీలియా పడుకుంటే నేనూ పడుకున్నట్టే' అంది."

అమ్మగారు మూడు పేజీలూ వెతికి వేలు పెట్టి చూసుకున్నారు. పన్నెండు. పద్నాలుగు. పదిహేడు. వంటింట్లో మూత పడ్డ చప్పుడు.

"పోయినేడాది జ్వరం ఏ రోజు మొదలైందో చూపించడానికి ఒక్క కాగితం లేకపోయింది" అన్నారు ఆవిడ, మిగతా ఇద్దరితో. "ఇక్కడ జ్వరం కూడా కాదు. ఒళ్లు కాలని జబ్బు. వచ్చిన రోజుంది, పోయిన రోజుంది. నేను వార్డుల్లో అన్నేళ్లు చార్టులు రాశాను. ప్రతి మంచానికీ 'బాగుంది' అని రాసి ముందుకెళ్లేదాన్ని. వాళ్లలో ఎంతమంది మిగతా సగం చెప్పలేదో నాకు తెలియదు."

తర్వాత ముసారిరి గారివైపు తిరిగారు. "మంచాల సంగతి ఇకనుంచి మేట్రన్‌కి వదిలెయ్యండి, మాస్టారూ."

"సంతోషంగా వదిలేస్తానండి" అన్నారాయన. గుండెల్నిండా ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించారు.

ఉద్యోగం ఉందని ఎవరూ తిన్నగా అనలేదు, కాని అందరికీ అర్థమైంది. మాయి రెవయి గుల్ల అరచేతులతో మూడుసార్లు చప్పట్లు కొట్టింది. చేతులు తడిగా ఉండటంతో చప్పుడు సరిగ్గా రాలేదు.

మదోండో అమ్మగారు పుస్తకం మూయబోయి ఆగారు. వరసలు పైనుంచి కిందికి లెక్కపెట్టారు.

"నలభై రెండు. మరి నీ వరస ఏది?"

"నాదా? నేను పిల్లని కాదుగదమ్మా."

"నువ్వు ఎలా ఉన్నావో ఇన్నాళ్లూ ఎవరూ రాయలేదా?"

"ఎవరు అడుగుతారమ్మా?"

అమ్మగారు పెన్ను తీసి, ఆ పేజీ అడుగున స్కేలు లేకుండానే ఒక గీత గీసి, నలభై మూడు అని వేశారు. పక్కన 'కెరెసియా' అని రాశారు. రోజుకో పిల్ల వంతుగా అడిగి రాయాలన్నారు. పెద్దావిడ బాగున్నానంటే ఊరుకోవద్దన్నారు, అదే షరతు.

మొదటి వంతు ఒటీలియాకి పడింది. మర్నాటి సాయంత్రం, భోజనం గంటకి ముందు, పెన్ను చెవి వెనక పెట్టుకుని వంటింటి అరుగు దగ్గరికి వచ్చింది. నేను అక్కడే కూర్చుని చిరిగిన ఏప్రన్ కుడుతున్నాను.

"మేట్రన్, మీ పొద్దు ఎలా గడిచింది? బాగున్నాను అంటే రాయను. అమ్మగారి ఆర్డరు."

"బాగానే ఉన్నానే తల్లీ."

"చెప్పానా, రాయనని!"

"మొండిఘటమా. మరేం రాస్తావు?"

"పట్టీలోంచి ఒకటి చెప్పండి. తొందరేం లేదు, నేను ఇక్కడే ఉంటా."

మాయి రెవయి గరిటె పక్కన పెట్టింది. అరుగు మీద కూర్చుంది. పద్నాలుగేళ్లలో ఆ వేళప్పుడు ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి. కాళ్లు చాపి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, చాలాసేపు ఆ పది మాటల్నీ లోపల తిప్పుకున్నట్టు కూర్చుంది.

"టైర్డ్" అంది. "రాయి. మోకాళ్లు కూడా అని రాయి."

ఒటీలియా రాసింది. స్పెల్లింగు ఎవరినీ అడగలేదు. పుస్తకం అరుగు మీద పెట్టేసి లోపలికి వెళ్లింది. కాసేపటికి గిన్నెల చప్పుడు, పొయ్యిలో కట్టె జరిపిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆ పిల్ల, వెనకే షువాయి, ఇంకో ఇద్దరు, ఆవిరి పోతున్న వేడినీళ్ల తొట్టిని నాలుగు వైపులా పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా నెమ్మదిగా మోసుకొచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర దించారు.